వెనకబొరియ పట్టిన ముళ్ళయ్య

అనగనగా అంటే మరీ పాతకాలం కాదర్రా, ఒక అడవిలో వెదురు పూసిన ఏడాది. వెదురుబియ్యం తిని ఎలుకలు తెగ పెరిగాయి. అది అయిపోగానే అందరి ఇళ్ళ మీదా పడ్డాయి. ముళ్ళయ్య అనే ఏదుపంది దాచుకున్న దుంపలన్నీ ఒక్కపూటలో ఊడ్చేశాయి. అప్పుడే అతని భార్య పురిట్లో ఉంది. పాపం, ఏం చేస్తాడు?

ఉడుత రంగమ్మ దగ్గర చింతపిక్కలు, కొండముచ్చు వీరన్న దగ్గర మేడిపళ్ళు, ఎలుగుబంటి గంగులు దగ్గర ఇప్పపువ్వు చేబదులు తెచ్చుకున్నాడు. "తొలకరి పడగానే దుంపలు తవ్వి తీర్చేస్తాను" అన్నాడు.

ఆ ఏడు తొలకరి పడనే లేదు. నేల రాయిలా బిగుసుకుపోయింది. ఎంత తవ్వినా ఒక్క దుంప దొరకలేదు.

ముందు రంగమ్మ వచ్చి "ముళ్ళయ్య బావా!" అని పిలిచింది. అతనికి సిగ్గు ముంచుకొచ్చింది. పులి వస్తే తప్పించుకోవడానికి ఆ ఇంటికి వెనకబొరియ ఒకటుంది. అందులోంచి జారుకున్నాడు. మర్నాడు వీరన్న వచ్చాడు. మళ్ళీ వెనకబొరియే. మూడోనాడు గంగులు వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. ముళ్ళయ్య పొద్దుగూకేదాకా పొదలో ఆకలితో నక్కి కూర్చున్నాడు. ఎగ్గొడదామని కాదర్రా, మొహం చెల్లక!

ఆ సంగతి అడవికేం తెలుసు, వెనకబొరియలోంచి జారుకోవడమే చూశారు. నక్క ఎవరి బాకీయో ఎగ్గొడితే "వెనకబొరియ పట్టింది" అన్నారు. కాకి ఎగ్గొట్టినా అదే మాట. చూస్తూండగానే అందరి నోటా అదే అయింది.

ఒకరోజు ముళ్ళయ్య పెద్దకూతురు గౌరి ఏడుపుమొహంతో ఇంటికొచ్చింది.

"నాన్నా, వెనకబొరియ పట్టడం అంటే ఏమిటి?"

"ఎవరన్నారమ్మా?"

"ఆటలో ఓడి, పందెం గవ్వ ఇవ్వకుండా పరిగెత్తినవాణ్ణి అలా అంటున్నారు. అని, నన్ను చూసి నవ్వుతున్నారు. ఎందుకు నాన్నా?"

ముళ్ళయ్య కూతురి పక్కన కూర్చున్నాడు. అబద్ధం నోటిదాకా వచ్చింది. కూతురి కళ్ళు చూసి మింగేశాడు.

"అప్పిచ్చినవాళ్ళకు మొహం చూపించకుండా పారిపోవడం తల్లీ. ఆ మాట నా వల్లే పుట్టింది."

ఆ పూటే ముందు వాకిట్లోంచి బయలుదేరాడు. ముగ్గురినీ ఒకచోట కలిసి చేతులు జోడించాడు. "ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. వానలు పడ్డాక ఇస్తాను. సిగ్గుపడి దాక్కున్నాను, తప్పయింది" అన్నాడు.

రంగమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ సిగ్గు తగలెయ్య! నేను బాకీకి రాలేదు బావా. బాలింతకు ఇంకో నాలుగు పిక్కలు ఇద్దామని మూటతో వచ్చాను. గడువు అడిగితే ఈ అడవిలో కాదన్నవాళ్ళున్నారా?"

వీరన్న అవునన్నట్టు తల ఊపాడు. గంగులు మాత్రం "నాకు కోపమొచ్చింది, అబద్ధమెందుకు? పిలిస్తే పలకొద్దా?" అని గొణిగాడు. గొణుగుతూనే తన తేనెపట్టులో ముక్క విరిచి చేతిలో పెట్టాడు. ముళ్ళయ్యకు ఏడుపొచ్చేసింది.

ఆలస్యంగానైనా వానలు పడ్డాయి. ముళ్ళయ్య రెక్కలు ముక్కలు చేసుకుని దుంపలు తవ్వి మొత్తం తీర్చేశాడు. బాకీ తీరింది గానీ, ఆ మాట మాత్రం పోలేదు. నలుగురి నోట పడ్డదాన్ని ఎవరు తుడుస్తారు? ఇప్పటికీ ఆ అడవిలో బాకీ ఎగ్గొడితే వెనకబొరియ పట్టాడనే అంటారు.

ఆ మాట ఎలా పుట్టిందని గౌరిని ఆమె పిల్లలు అడుగుతారు. ఆమె ఏదీ దాచదు. "సిగ్గుపడి వెనకనుంచి పారిపోయిందీ మీ తాతే, తలెత్తి ముందునుంచి నడిచి వెళ్ళిందీ మీ తాతే" అంటుంది.

నీతి: అప్పు సమయానికి తీర్చలేకపోవడం తప్పు కాదు, ఇచ్చినవాళ్ళకు మొహం చాటేయడమే తప్పు.