అలిగిన గరిక

అనగనగా ఒక అడవిలో, వాగు మీదికి వంగిన ఈతచెట్టుకు ఒక సగం గూడు వేలాడుతుండేది. దాన్ని అల్లిన గిజిగాడి పేరు పచ్చన్న. గిజిగాళ్ల ఆనవాయితీ ఏమిటంటే, మగపిట్ట సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి, చూసి, నచ్చిందంటేనే మిగతా సగం.

పచ్చన్న జంట గరిక. ఆమె గూడంతా చూసి, "ఈసారి లోపలికొచ్చే కింది గొట్టం బాగా పొడుగు పెట్టాలి" అంది.

"అల్లేది నేనా, నువ్వా? నచ్చకపోతే వెళ్లు!" అని కసిరాడు పచ్చన్న.

గరిక అలిగి, వాగు అవతల తుమ్మచెట్టు మీద వాలింది.

రోజులు గడిచాయి. గూటి పోచలు ఎండిపోయాయి. వానలు దగ్గరపడ్డాయి. చెట్టు మీద ఏ పిట్ట వాలినా గరికేమోనని పచ్చన్న ఎగిరొచ్చేవాడు. తీరా చూస్తే గరిక కాదు.

ఉండబట్టలేక కాకిని పంపాడు.

"ఏమే, ఎందుకంత బెట్టు? వస్తావా, ఇంకో పిట్టను చూసుకోమంటావా?" అని అరిచింది కాకి. గరిక ఇంకో కొమ్మ పైకెక్కింది.

చిలుకను పంపాడు.

"గరికమ్మా, నీ అంత అందగత్తె అడవిలోనే లేదు! నువ్వొస్తే రోజూ జొన్నకంకులట!"

"కంకులు ఏరుకోవడం నాకు రాదా, చిలకక్కా?" అని గరిక మొహం తిప్పుకుంది.

ఇక తానే వెళ్లాడు. పక్కన కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "అలా కసరకుండా ఉండాల్సింది. రమ్మని అడగను. నీ మనసులో ఏముందో చెప్పవూ?" అన్నాడు.

"నిరుడు గొట్టం పొట్టిగా ఉండబట్టే గాలివానకు మన బుల్లిపిల్ల గూట్లోంచి జారి వాగులో పడింది. నువ్వు మరిచిపోయావు. నాకు కళ్లు మూస్తే అదే కనిపిస్తుంది."

"మరవలేదు గరికా. తలుచుకోలేకే నోరు పారేసుకున్నాను. ఎండిన గూడు పీకేసి మళ్లీ అల్లుతాను."

చూశారా పిల్లలూ? కాకిది బెదిరింపు. చిలుకది ఆశపెట్టడం. అలిగినవాళ్ల పక్కన కూర్చుని, ఎక్కడ నొచ్చిందో తెలుసుకుని, మనసు మెత్తబరిస్తే దాన్ని బుజ్జగింపు అంటారు. మీరు అన్నం వద్దని మారాం చేస్తే అమ్మ చేసేదీ అదే.

గరిక వస్తానని అనలేదు. పచ్చన్న ఒక్కడే తిరిగొచ్చి, వాగు అవతలికి చూసుకుంటూ కొత్త గూడు అల్లాడు. తొలి చినుకు పడుతుండగా వెనక రెక్కల చప్పుడైంది. గరిక! ముక్కున మెత్తని పీచు. దాన్ని గూట్లో పరిచి, "గొట్టం ఇంకో బెత్తెడు" అంది.

"రెండు బెత్తెలు!" అన్నాడు పచ్చన్న.

నీతి: అలిగినవారిని రమ్మని పిలిచేముందు, వారి బాధ వినాలి.