ఉయ్యాలెక్కిన గుర్రాల దండు

అనగా అనగా, మీ తాతలకు తాతలు కూడా పుట్టకముందు, ఉక్కుగిరి అనే రాజ్యం ఉండేది. దానికి రణకేసరి రాజు. ఆయన తుమ్మితే పక్క రాజ్యంలో తలుపులు వాటంతటవే మూసుకునేవి! ఆ రాజ్యం రోజురోజుకీ ఎదుగుతుంటే, ఏడు సముద్రాల అవతల ఉన్న ఒంటికన్ను మాంత్రికుడు కరాళుడికి ఒళ్ళు మండింది. శాపం పెట్టాడు. అంతే, రాజుగారి పాదాలు రాయైపోయాయి! ఏడాది తిరిగేసరికి మోకాళ్ళదాకా, రెండో ఏడు నడుందాకా, మూడో ఏడు తలదాకా ఆ రాయి పాకుతుందట. ఆ తర్వాత ఇక రాజు ఉండడు, రాతిబొమ్మే.

కరాళుడి ప్రాణం వాడి దీవికోటలో, పంజరంలోని చిలకలో ఉంది. అది పోతేనే రాజుగారి శాపం పోతుంది. వాడి కన్ను సముద్రం మీద పడితే నీళ్ళు ఎసరులా మరుగుతాయి. నేల మీద పడితే రాతిభటులు లేచి నిలబడతారు.

ఉక్కుగిరిలో ఇనుము తవ్వే కొండ ఒక్కటే. పెద్ద కొడుకు వీరసాగరుడు, "ఇనుమంతా ఓడలకే నాన్నగారూ!" అన్నాడు. వెయ్యి ఓడలు కట్టాడు. ఆ తెరచాపలెత్తితే పట్టపగలే ఊరంతా దీపాలు పెట్టుకుంది! మరిగే నీళ్ళు దాటి దీవి చేరాడు సరే, ఒడ్డున దిగి కత్తి పట్టేవాడు ఒక్కడూ లేడు. తిరిగొచ్చాడు. రాజుగారికి మోకాళ్ళు పోయాయి.

నడిపివాడు గజకేతుడు, "ఓడలేం చేస్తాయి? సైన్యం కావాలి!" అని అన్న ఓడల మేకులన్నీ పీకించి లక్ష కవచాలు పోయించాడు. మేకుల్లేని ఓడల్ని తాళ్ళతో బిగించి గుర్రాలను ఎక్కించాడు. మొదటి అలకే గుర్రాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రౌతులు కక్కుకున్నారు. రేవు కనుమరుగు కాకుండానే వెనక్కి! రాజుగారికి నడుము పోయింది.

చిన్నవాడు మణికేతుడు, "సగం ఓడలకి, సగం సైన్యానికి పంచుదాం" అన్నాడు. ఓడల వడ్రంగి కూతురు నూకాలు పకపకా నవ్వింది.

"సగం ఓడ, సగం కవచమా బాబుగారూ? ఒకటి మునుగుద్ది, ఒకటి చస్తది! మీకు తక్కువైంది ఇనుం కాదు. తెడ్డేసేవోడికి బల్లెం రాదు, బల్లెం పట్టేవోడికి అల తెలీదు."

"మరేం చెయ్యమంటావు?"

"గుర్రాల్ని ఉయ్యాలెక్కించండి!"

ఎక్కించాడు! ఏనుగు గొలుసులతో ఊరంత బల్లల్ని వేలాడదీసి, మూడు వందల గుర్రాలను నిలబెట్టి తొమ్మిది నెలలు ఊపాడు. ఒక తెల్లగుర్రం నోరు తెరిచి, "దీన్ని నేలంటారా బాబూ? నా కడుపు తిరిగిపోతోంది!" అని ఏడ్చింది. పదో నెలకి అదే ఉయ్యాల మీద నిలబడి ఉలవలు మేసింది. ఇటు తెడ్డు వేసేవాళ్ళు బల్లెం నేర్చారు, బల్లెం పట్టేవాళ్ళు తెడ్డు నేర్చారు. కట్టింది ముప్ఫై ఓడలే. కానీ ఒక్క మేకు వదులు లేదు, ఒక్క చెయ్యి ఖాళీ లేదు!

రాజుగారికి గడ్డం దాకా రాయైన రోజున దీవి చేరారు. ముందువైపు పెద్దన్న ఓడల మీద భేరీలు మోగించాడు. కరాళుడి కన్ను సముద్రం వైపు తిరిగింది. వెనకవైపు నడిపన్న గుర్రాలను ఇసుకలోకి దూకించాడు. ఒక్క గిట్ట తడబడలేదు! కన్ను నేల వైపు తిరిగింది, సముద్రం చల్లబడింది. ఓడల్లోంచి తెడ్లు పడేసి బల్లేలతో జనం దూకారు. కన్ను మళ్ళీ అటు తిరిగింది, రాతిభటులు కూలిపోయారు. అటూ ఇటూ, అటూ ఇటూ! గిరగిరా తిరిగి ఆ కన్ను నిప్పుకణికైపోయింది. ఈలోగా మణికేతుడు కోట ఎక్కి పంజరం అందుకున్నాడు.

"నా మెడ విరవకు నాయనా," అంది చిలక, "వాడి ప్రాణం మోసి మోసి అలిసిపోయాను. నన్నొదిలెయ్యి చాలు, పంజరం దాటితే వాడి ప్రాణం నాలో నిలవదు."

తలుపు తీశాడు. చిలక రివ్వున ఆకాశంలో కలిసింది. దానితోపాటే కరాళుడి ప్రాణమూ పోయింది. వాడి ఒళ్ళు బూడిదై రాలింది.

ఇక్కడ ఉక్కుగిరిలో రాయి పెళపెళా పగిలింది. రాజుగారు మూడేళ్ళ తర్వాత కాలు కదిపారు. ఓడలు రేవు చేరేసరికి, అంతటి రణకేసరీ చిన్నపిల్లాడిలా ఇసుకలో పరిగెత్తి ముగ్గురు కొడుకుల్నీ ఒక్కసారే కావలించుకున్నాడు.

మణికేతుడికీ నూకాలుకీ పెళ్ళయింది. పందిరి ఒక కొస ఊళ్ళో, ఇంకో కొస సముద్రంలో! వాళ్ళు వందేళ్ళు ఏలారు. ఆ వందేళ్ళూ సేనాపతి తెడ్డు వేశాడు, ఓడల అధిపతి గుర్రమెక్కాడు, ఉక్కుగిరి వైపు ఏ మాంత్రికుడూ కన్నెత్తి చూడలేదు.