బాగున్నామని చెప్పిన రాజ్యం

ఒకానొక రాజ్యంలో ఒకనాటి పొద్దున రోగాలన్నీ మాయమైపోయాయి. దగ్గేవాళ్ళు దగ్గుతూనే ఉన్నారు, మంచం పట్టినవాళ్ళు మంచం మీదే ఉన్నారు. అయినా నిండు సభలో విరూపాక్ష శాస్త్రిగారు లేచి, "మహాప్రభూ! మా పరిశోధన ముగిసింది. ఈ రాజ్యంలో రోగి అన్నవాడు లేడు" అని తేల్చేశారు. అంతటి పండితుడు తేల్చాక కాదనడానికి ఎవరికి గుండె?

ఆ దేశాన్ని ఏలే ఉద్దండరాయలకి బిరుదుల పిచ్చి. గోడలు నిండిపోతే అంబారీ మీద కూడా చెక్కించుకున్నాడు. 'ఆరోగ్య చక్రవర్తి' అన్న బిరుదు ఇంతవరకూ ఏ రాజుకీ లేదని ఎవడో చెవిలో ఊదాడు. బిరుదుకి ఋజువు కావాలి కనక శాస్త్రిగారిని ఊళ్ళ మీదికి పంపాడు.

ఆయన పరిశోధన ఎలా సాగిందో చెప్పాలి. ముందు డప్పు, వెనక కత్తులు పట్టిన భటులు, నడుమ పల్లకీ. పల్లకీ గుమ్మం ముందు ఆగగానే ఇంటి యజమానిని పిలిపించి, "మహారాజుగారి చలవ వల్ల ఇంటిల్లిపాదీ క్షేమమేనా?" అని అడిగేవారు. ఇంటాయన చేతులు కట్టుకుని, "క్షేమమే బాబూ, బాగున్నాం" అనేవాడు. కాదంటే మహారాజుగారి చలవకి వంక పెట్టినట్టు కాదూ! పల్లకీ పక్కింటికి కదిలేది.

"రోగులే లేనప్పుడు వైద్యశాల ఎందుకు దండగ? ఎల్లుండి పొద్దుటికి ఖాళీ చేయించండి. అందులో పట్టపుటేనుగుని కట్టండి. గోడ మీద నా కొత్త బిరుదు చెక్కండి" అన్నాడు రాజు.

సభలో అందరూ చప్పట్లు కొట్టారు, విదూషకుడు కొండుభొట్లు తప్ప. అతని భార్య అచ్చమ్మ విషజ్వరంతో ఆ వైద్యశాలలోనే పడి ఉంది. జ్వరం దిగుతోంది, ఎక్కుతోంది. ఈ స్థితిలో మంచం కదిపితే మనిషి దక్కదని వైద్యురాలు ఓబులమ్మ చెప్పింది. పగలు సభలో నవ్వించడం, మిగిలిన వేళంతా ఆ మంచం పక్కన కూర్చోవడం, ఇదే అతని బతుకైపోయింది. నవ్వు మొహం పెట్టుకోవడానికి కూడా ఓపిక లేక, గోడకి చేరబడి నిలబడ్డాడు.

"ప్రభూ, జనం మొహమాటానికి అలా అన్నారేమో" అన్నాడు మెల్లగా.

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "నా ప్రజలు నాతో అబద్ధమాడారంటావా? అదే నిజమైతే ఆడినవాళ్ళందరికీ కొరడా దెబ్బలు. కాకపోతే ఆ దెబ్బలు నీకు. రేపు సభలో ఏదో ఒకటి తేల్చు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం ఋజువు చేస్తే ఊరంతా దెబ్బలు తినాలి, చెయ్యకపోతే అచ్చమ్మ మంచం వీధిలో పడుతుంది. మరో రోజైతే అతని నాలుక చివర ఏదో చమత్కారం సిద్ధంగా ఉండేది. ఆ పూట ఏమీ తట్టలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

సాయంత్రం వైద్యశాలకి వెళ్ళేసరికి ఓబులమ్మ కషాయం గిన్నెతో అచ్చమ్మ మంచం దగ్గర నిలబడి ఉంది.

"ఎలా ఉందమ్మా ఈ పూట?" అని అడిగింది.

"నాకేం, బాగానే ఉన్నాను. ఆయన్ని చూడండి ముందు. కళ్ళు ఎంత లోతుకి పోయాయో! ఆ పాదాల వాపు చూశారా? తిండి మానేసి తిన్నానని చెబుతున్నారు. ఆ కషాయమేదో ఆయనకి పొయ్యండి" అంది అచ్చమ్మ వణుకుతూ.

"నాకేమొచ్చింది, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు కొండుభొట్లు. "దానికే పొద్దుట్నించీ గుక్కెడు గంజి దిగలేదు. మధ్యాహ్నం మళ్ళీ చలి పట్టుకుంది. మీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది."

"ఒట్టేయించుకున్న మాట కూడా చెప్పేశారా! మీకు నోట్లో నువ్వుగింజ నానదు" అని మొగుణ్ణి కసిరింది అచ్చమ్మ.

ఓబులమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గిన్నె అక్కడ పెట్టి ఇంకో గిన్నె తేవడానికి వెళ్ళింది. కొండుభొట్లు అలాగే ఉండిపోయాడు. శాస్త్రిగారి పల్లకీ తన గుమ్మం ముందు ఆగిన రోజు గుర్తొచ్చింది. లోపల అచ్చమ్మ రెండు దుప్పట్ల కింద వణుకుతుంటే, తను వాకిట్లో చేతులు కట్టుకుని, "బాగున్నాం శాస్త్రిగారూ" అన్నాడు. తలుచుకుంటే సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే ఉపాయం పుట్టింది.

మర్నాడు సభ కిటకిటలాడిపోయింది. రాజు సింహాసనం మీద కుడి అరచేతిలో చెంప ఆనించి కూర్చున్నాడు. కొన్నాళ్ళుగా ఆయన అలాగే కూర్చుంటున్నాడు. అది రాజ్యచింతన ముద్ర అని కవులు పద్యాలు కూడా చెప్పేశారు. తెర వెనక మహారాణి పరివారంతో కొలువుతీరింది.

"ప్రభూ, శాస్త్రిగారి పరిశోధనలో ఒక్క ఇల్లు మిగిలిపోయింది" అన్నాడు కొండుభొట్లు.

"అసంభవం! ఏ ఇల్లు?" అన్నారు శాస్త్రిగారు.

"రాజనగరు. ఆరోగ్య చక్రవర్తి ఇంటి గుమ్మమే తొక్కకపోతే బిరుదు ఎలా నిలుస్తుందండీ?"

రాజుకి ఆ మాట నచ్చింది. "అడగండి" అన్నాడు. శాస్త్రిగారు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, మహారాజుగారికి క్షేమమేనా అని అడిగారు.

"దివ్యంగా ఉన్నాం. మాది వజ్రకాయం" అన్నాడు రాజు, చెంప మీంచి చెయ్యి తియ్యకుండానే.

"చూశావా?" అన్నట్టు శాస్త్రిగారు కొండుభొట్లు వంక చూశారు. అతను తెర వైపు తిరిగి దండం పెట్టాడు.

"అమ్మా! శాస్త్రిగారు ఎవరి సంగతి వారినే అడిగారు. నేను మిమ్మల్ని మీ సంగతి అడగను. ప్రభువుల ఒంట్లో ఎలా ఉందో సెలవివ్వండి."

తెర వెనక గాజులు గలగలలాడాయి. ఇన్నాళ్ళకి అడిగినవాడు దొరికాడు కదా, ఆవిడ ఆగుతుందా!

"దివ్యమా? దవడ పన్ను పుచ్చి చెంప బూరెలా వాచింది! ఎప్పుడు చూసినా పంటి కింద లవంగమే. మెత్తగా పిసికిన పెరుగన్నం తప్ప ఏదీ దిగడం లేదు. రాత్రంతా మూలుగు, నాకు నిద్ర లేదు. వైద్యురాలిని పిలిపిస్తానంటే నామోషీ! చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది, కొండుభొట్లూ!"

రాజు మొహం ఎర్రబడింది. "నా సంగతి సరే. నీ సంగతి చెప్పవేం?" అని తెర వైపు గద్దించాడు.

"నాకేం, నిక్షేపంగా ఉన్నాను."

"నిక్షేపమా! మోకాళ్ళు పట్టేసి మేడ మెట్లెక్కడం మానేసిందయ్యా! పువ్వులు తెచ్చే వంకతో పైకి దాసీని పంపుతుంది. నాకు తెలీదనుకుంటోంది!" అన్నాడు రాజు, సభలో ఉన్నానన్న మాట మరిచిపోయి.

"శాస్త్రిగారి ఇంట్లో కూడా అమ్మగారిని అడిగి చూద్దామా?" అన్నాడు కొండుభొట్లు.

"వద్దు, వద్దు" అన్నారు శాస్త్రిగారు గబగబా, పొట్ట పట్టుకుని.

రాజు పళ్ళు కొరకబోయి, నొప్పి పుట్టి ఆగాడు. "అయితే నేను అబద్ధమాడానంటావు. అంతేనా?"

"శివశివా! అది అబద్ధం కాదు ప్రభూ, మర్యాద. నలుగురిలో అడిగితే తమరెలా బాగున్నారో, డప్పు కొట్టి అడిగితే జనమూ అలాగే బాగున్నారు. యథా రాజా తథా ప్రజా. ఇక కొరడా దెబ్బలు ఎవరితో మొదలుపెట్టాలో తమరే సెలవివ్వాలి."

రాజు అతని వంక చాలాసేపు చూశాడు. చివరికి ఆయన పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. పకపకా నవ్వి, "అబ్బా!" అని చెంప పట్టుకుని, మళ్ళీ నవ్వాడు.

"ఏనుగు దాని చోట అది ఉంటుంది. వైద్యశాల జోలికి ఎవరూ పోవద్దు. ఆ బిరుదు నాకొద్దు" అన్నాడు. ఆ తర్వాత ఏదో తోచినట్టు ముందుకి వంగి, "ఇంతకీ నువ్వెలా ఉన్నావోయ్?" అని అడిగాడు.

'తమ చలవ వల్ల' అన్న మాట అలవాటుగా కొండుభొట్లు పెదాల దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"బాగాలేను ప్రభూ. నా భార్య ఆ వైద్యశాలలోనే ఉంది. బతుకుతుందో లేదోనని భయంగా ఉంది. నవ్వించి నవ్వించి అలిసిపోయాను" అన్నాడు.

ఆ సభ పుట్టాక అలాంటి జవాబు ఎవరూ చెప్పలేదు. రాజు సింహాసనం దిగొచ్చి, తన భుజం మీది శాలువా తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇది ఆవిడకి కప్పు. ఆవిడ లేచి తిరిగేదాకా నువ్వు సభకి రాకు. ముందే వచ్చావో, నీ వంతు కొరడా దెబ్బలు అలాగే ఉన్నాయి" అన్నాడు నవ్వుతూ.

ఆ మధ్యాహ్నమే డప్పూ భటులూ లేకుండా రాజు వైద్యశాలకి నడిచొచ్చాడు. వెనకాలే మోకాళ్ళు పట్టుకుంటూ మహారాణి. ఓబులమ్మ ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, "నొప్పి బాగా ఉందా ప్రభూ?" అని అడిగింది.

"నన్నెందుకు అడుగుతావు? ఆవిణ్ణడుగు" అన్నాడు రాజు.

అది విని మూల మంచం మీద అచ్చమ్మ నీరసంగా నవ్వింది. కొండుభొట్లు మాత్రం వినలేదు. శాలువా సగం ఆవిడ మీద, సగం తన మీద కప్పుకుని, మంచం కోడుకి తల ఆనించి గాఢంగా నిద్రపోతున్నాడు.