తుంగలో కాలిబాట

ఆచార్య భుజంగరావుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, మళ్ళీ పెట్టుకుంటారు, "పద, చూద్దాం" అంటారు. ఎక్కడికి, ఏమిటి అని అడిగినా లాభం లేదు. బురదనేలల్లో మొక్కల్నీ పురుగుల్నీ పిట్టల్నీ పరిశీలిస్తూ జీవితం గడిపిన మనిషి. ఉపన్యాసం ఇమ్మంటే మాత్రం రెండు ముక్కలు చెప్పి కూచుంటారు. కళ్ళకి పొరలు కమ్మి ఇప్పుడు చూపు కూడా అంతంతమాత్రం. అయినా శిష్యులు ఆయన్ని వదలరు. ఆయన ఊరుకున్నా వాళ్ళకి భయమే, "పద" అన్నా భయమే.

ఆయన దగ్గర హిమజ అనే అమ్మాయి పరిశోధన చేస్తోంది. సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న ఒక బీలలో ఆమె పని. నీరు నిలిచే చిత్తడి నేలని ఆ ప్రాంతంలో బీల అంటారు. అక్కడ తుంగ గుబురుగా పెరుగుతుంది, ఆ గుబుర్లలో నీటికోళ్ళు గూళ్ళు కట్టి గుడ్లు పెడతాయి. గుడ్లలో ఎన్ని పిల్లలవుతున్నాయి, కానివి ఎందుకు కావడం లేదు అన్నది ఆమె తేల్చాల్సిన విషయం. ఆ ఏడు గుడ్లు పోతున్నాయి. ఒకసారి నిండుగా ఉన్న గూడు మళ్ళీ వెళ్ళేసరికి ఖాళీ. హిమజ చుట్టూ చూసింది. తుంగ కోసి చాపలు అల్లుకునే ఆడవాళ్ళు కొడవళ్ళతో నీళ్ళలో తిరుగుతూ కనిపించారు. ఇంకేం కావాలి? ఆమె నివేదిక రాసింది, అధికారులు నమ్మారు, పిట్టలు పిల్లల్ని లేపేదాకా బీలలో ఎవరూ కాలు పెట్టకూడదని ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటించారు.

తుంగకి అదను ఉంటుంది. అదనులో కోస్తే చాపకి వంగుతుంది, ముదిరిపోతే పెళుసెక్కి విరిగిపోతుంది. కోతవాళ్ళు రోజూ గట్టు మీదికి వచ్చి, ముదురుతున్న తుంగని చూసుకుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళలో సన్యాసమ్మ అనే ఆవిడ ఒకసారి హిమజని ఆపింది. "గుడ్లు మాకెందుకు తల్లీ? సాపల్లేకపోతే ఈ ఏడు మాకేటి గతి?" అని అడిగింది. హిమజకి జాలేసింది. మూగజీవాల కోసం మనమే కాస్త ఓర్చుకోవాలమ్మా అని ఎంతో నెమ్మదిగా నచ్చజెప్పింది. ఆ నెమ్మది గుర్తొస్తే తరవాత ఆమె సిగ్గుతో చచ్చిపోయేది.

కోత ఆగింది గాని గుడ్లు పోవడం ఆగలేదు. హిమజకి పట్టుదల వచ్చింది. అదివరకు అప్పుడప్పుడు వెళ్ళేది కాస్తా, రోజూ పొద్దున్నే వెళ్ళి గూడు గూడుకీ చూసి రావడం మొదలుపెట్టింది. చివరికి విసిగిపోయి మాస్టారి దగ్గర కూచుంది.

"కోతవాళ్ళని ఆపించాం మాస్టారూ. అయినా గుడ్లు పోతూనే ఉన్నాయి. ఇంకా ఎవరిని ఆపాలి?"

ఆచార్యులు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పద, చూద్దాం" అన్నారు.

మర్నాడు పొద్దున ఇద్దరూ బీల గట్టు ఎక్కారు. హిమజ ముందు నడవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "గూళ్ళెక్కడున్నాయో నాకు చెప్పకు. నువ్వు నా వెనక రా." ఆయన ఆ బీలలో ఎన్నడూ దిగలేదు. మీకు సరిగ్గా కనబడదు, బురదలో దిగబడిపోతారని ఆమె ఎంత చెప్పినా వినలేదు. చెప్పులు గట్టు మీద విడిచి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చేతికర్ర పట్టుకుని తుంగలోకి దిగారు.

ఆయన దిగబడలేదు. పాదాలతో తడుముకుంటూ, వీధిలో నడిచినట్టే నడిచారు. కొంతదూరం వెళ్ళి ఎడమకి తిరిగి, తుంగ పొదని కర్రతో ఒత్తిగించి, "ఇక్కడొకటి ఉండాలి" అన్నారు. ఉంది. గూడు ఖాళీ. మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకొంత నడిచి, కుడికి తిరిగి, ఇంకో పొద దగ్గర ఆగారు. అక్కడా గూడుంది, అదీ ఖాళీయే. చూపు లేకపోయినా ఇలా ఎలా పట్టుకుంటున్నారు, అనుభవం అంటే ఇదీ అని హిమజ మురిసిపోయింది. పాపం, ఆ మురిపెం మూడో గూటిదాకా కూడా నిలవలేదు. ఆయన కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో అప్పుడు చూసింది.

హిమజ జాగ్రత్త గల పిల్ల. బీలంతా తొక్కి పాడు చెయ్యకూడదని ఎప్పుడూ ఒకే దారిన వెళ్ళేది. దిగబడకుండా తుంగ వంచి కాళ్ళ కింద పరుచుకుంటూ వెళ్ళేది. రోజూ తొక్కగా తొక్కగా ఆ తుంగ మట్టిలో కూరుకుని, మెత్తటి నేల గట్టిపడి, గట్టు దగ్గర్నించి ప్రతి గూటి దాకా చక్కటి కాలిబాట తయారైంది. దాని మీద ఆమె బూట్ల అచ్చులున్నాయి. ఆ అచ్చుల్లోనే నక్క అడుగులున్నాయి, పోయినవీ వచ్చినవీ. బాట దిగి పక్కకి ఒక్క అడుగూ లేదు. పొడికాళ్ళతో పోయే వీలుంటే నక్క మాత్రం బురదలోకి ఎందుకు దిగుతుంది? ఆ గుర్తులు ఆమె ఇదివరకూ చూసింది. నక్కలున్న చోట నక్కలు తిరగవా అనుకుని ఊరుకుంది. ఆమె వెతికినవి మనుషుల అడుగులు.

హిమజకి తల కొట్టేసినట్టయింది. గుడ్లు పోయిన కొద్దీ తాను ఇంకా తరచుగా వచ్చింది, వచ్చిన కొద్దీ బాట ఇంకా గట్టిపడింది. ఆ బాట మీద నిలబడడానికి కూడా ఆమెకి ముఖం చెల్లలేదు, దిగి నిలబడడానికి చోటు లేదు. దూరంగా, ఆమె ఎన్నడూ వెళ్ళని తుంగలోంచి నీటికోడి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. ఆచార్యులు అటు చెవి పెట్టి విన్నారు. రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

"ఇవాళే రాస్తాను మాస్టారూ. కోతకి అనుమతి ఇచ్చెయ్యమంటాను" అంది. గొంతు తగ్గించింది. "కారణం వివరంగా రాయక్కర్లేదేమో కదండీ? పరిస్థితులు మారాయంటే సరిపోతుందేమో."

"గట్టు ఎక్కాలి, చెయ్యి ఇయ్యి" అన్నారాయన.

గట్టు మీద సన్యాసమ్మా, ఇంకొందరు కోత ఆడవాళ్ళూ కూచుని ఉన్నారు. పెద్దాయన బురదకాళ్ళు చూసి సన్యాసమ్మ లేచి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు చెంబుతో అందించింది. తరవాత హిమజ వైపు తిరిగింది. కోపంగా కాదు, క్షేమం అడిగినట్టే అడిగింది.

"గుడ్లు తింతన్నాదెవులో తెలిసిందేటి తల్లీ?"

"తెలిసిందమ్మా" అంది హిమజ, నేల చూపులు చూస్తూ. "నక్క."

"నక్కేనేటి!" అని సన్యాసమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. వెనకున్నవాళ్ళకి వినబడేలా ఇంకోసారి చెప్పింది. "మా మీదున్న మాట తుడిసేసినావు. నీ కడుపు సల్లగుండ" అని హిమజ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. అందులోంచి చెయ్యి లాక్కోవడానికి హిమజకి ధైర్యం చాల్లేదు, ఉంచడానికి మనసొప్పలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళు దాన్ని కూడా దయే అనుకున్నారు.

ఆచార్యులు కాళ్ళు కడుక్కుని చెంబు తిరిగి ఇచ్చారు. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ, తల ఎత్తకుండానే అన్నారు.

"నక్క సంగతి చెప్పావు కదా అమ్మాయ్. ఇంక మిగిలింది కూడా చెప్పు."