ఆట లేని రోజులు

ఏటికి ఇవతలి గట్టున, తుమ్మచెట్ల నడుమ ఒక మైదానం ఉండేది. మైదానం మధ్యలో పిచ్. ఆ పిచ్ మీద రాతి రోలర్ లాగేది బోడన్న అనే ముసలి ఎద్దు. కొమ్ములు మొలవలేదు కాబట్టి ఆ పేరు. మనుషుల దగ్గర అరక లాగి లాగి, ఒక సంతలో పళ్లు చూపించుకుని, ఇంకో సంతలో తోక మెలి తిప్పించుకుని, చివరికి ఎవరికీ అక్కర్లేక అడవిలోకి వచ్చి పడ్డాడు. అడవి అతన్ని పిచ్ దగ్గర పెద్దగా నిలబెట్టింది. ఆ పెద్దరికానికి బోడన్న ప్రాణం పెట్టేవాడు.

ఆ అడవిలో క్రికెట్ ఊరికే పొద్దుపోక ఆడేది కాదు. ఏట్లో నీళ్లు నిలిచే మడుగు ఒక్కటే. ఎండలు ముదిరే వేళకి ఇవతలి గట్టువాళ్లూ అవతలి గట్టువాళ్లూ నాలుగు రోజుల ఆట ఒకటి ఆడేవారు. గెలిచిన గట్టు ముందు తాగుతుంది, ఓడిన గట్టు మిగిలింది తాగుతుంది. తొమ్మిదేళ్లుగా ఇవతలివాళ్లే ముందు తాగుతున్నారంటే కారణం, చలికాలమంతా వాళ్లలో వాళ్లు ఆడుకున్న ఆటలే. మెట్టవాళ్లది ఒక జట్టు, పల్లంవాళ్లది ఒక జట్టు. ఆట మొదలైతే నాలుగేసి రోజులు. చూడ్డానికి పదిమంది వస్తే అందులో ఆరుగురు నిద్రపోయేవారు. అయినా ఆడేవారు.

పల్లం జట్టులో నాంచారమ్మ అనే తాబేలు ఉండేది. స్పిన్ వేసేది. మొదటి మూడు రోజులూ ఆమె బంతిని ఎవరు పడితే వాళ్లు బాదేవారు. నాలుగో రోజుకి పిచ్ ఎండి నెర్రెలు విచ్చేది. అప్పుడు ఆమె బంతి ఎటు తిరుగుతుందో ఆమెకీ ఆ నెర్రెకీ తప్ప ఎవరికీ తెలిసేది కాదు. తొమ్మిదేళ్ల నీళ్లలో సగం ఆమె పుణ్యమే. బోడన్న ఆమెని అక్కా అనేవాడు, రోలర్ లాగేటప్పుడు ఆమె నెర్రెలు చెరిగిపోకుండా ఒక అడుగు పక్కకి తిప్పుకునేవాడు.

ఇక అక్కడి కట్టుబాటు ఒకటి చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది. చలికాలం మొదట్లో జట్టుకి పదకొండుమంది బోడన్న ఎదుట పేర్లు చెప్పుకోవాలి. ఒకరి బదులు ఇంకొకరు రావడం కుదరదు. ఆట రోజు పొద్దున్నే బోడన్న లెక్క చూసుకుంటాడు. అటు పదకొండు, ఇటు పదకొండు ఉంటే మెడలో గంట ఒకసారి ఆడిస్తాడు. ఒక్కరు తగ్గినా "ఇవాళ ఆట లేదు" అంటాడు. ఆ మాట అన్నాక పులి వచ్చి అడిగినా ఆట ఉండదు.

అలాంటి చోటికి ఒక ఏడాది పాపారావు అనే నక్క వచ్చాడు. మెళ్లో ఎర్ర గుడ్డ, నోటినిండా మర్యాద. గంటలో తేలిపోయే ఆట ఒకటి పెడతానన్నాడు. నెమళ్లు ఆడతాయట, కాకులు అరుస్తాయట, బాదినవాడికి బాదినన్ని మొక్కజొన్న పొత్తులట. అందరి ముందూ బోడన్న దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మావయ్యా, మీ ఆటకి నేను అడ్డం రాను. ఆట ఉన్న రోజు ఒక్కటి కూడా నాకొద్దు. ఆట లేదని మీ నోటితో మీరు చెప్పిన రోజులు మాత్రం నాకు వదిలెయ్యండి."

ఎంత వినయం, అనుకున్నాడు బోడన్న. లోకంలో అడిగేవాడెప్పుడూ మంచి ముక్కే అడుగుతాడు, ఇతగాడు పారేసే తొక్క అడుగుతున్నాడు. సరేనని తలాడించాడు. ఆ అడవిలో బోడన్న తల ఆడితే రాసుకున్నట్టే. ఓరి నా తండ్రీ, ఆ తల ఒక్క క్షణం కదలకుండా ఉంటే నేనీ కథ చెప్పే పనే ఉండేది కాదు.

మొదటి ఏడు అంతా సజావుగానే జరిగింది. నాలుగు రోజుల ఆట తన మానాన తాను నడిచింది, మధ్యలో ఖాళీ రోజుల్లో పాపారావు గంట ఆట. ఏ మాటకామాట చెప్పుకోవాలి, గంట ఆట బాగుండేది. కిట్టప్ప అనే కోతి బంతిని తుమ్మచెట్లు దాటించి కొడుతుంటే బోడన్న కూడా నెమరు ఆపి చూసేవాడు. మైదానం నిండిపోయేది.

నచ్చనిదల్లా గంట ఆటకి ఆటగాళ్లని ఎంచే వేలంపాట. ఆటగాళ్లని ఒక్కొక్కరినీ బండ మీద నిలబెట్టి పాట పెట్టారు. కిట్టప్పకి పొత్తులు గుట్టలు పోశారు. కుందేలు ఉరుకు చూసి ఎగబడ్డారు. నాంచారమ్మ బండ ఎక్కితే ఒక్క గొంతూ లేవలేదు. "అమ్మమ్మగారిది నాలుగో రోజు సరుకు, మనది గంటలో అయిపోతుంది కదా" అన్నాడు పాపారావు, ఎంతో ప్రేమగా. అందరూ నవ్వారు. నాంచారమ్మ బండ దిగింది. తాబేలు కదా, దిగి గుంపు దాటి వెళ్లడానికి చాలాసేపు పట్టింది, అంతసేపూ నవ్వుతూనే ఉన్నారు. బోడన్నకి తన పళ్లు చూసిన సంత గుర్తొచ్చింది. అయినా కూర్చున్నచోటే కూర్చున్నాడు.

రెండో చలికాలం. మెట్టవాళ్లకీ పల్లంవాళ్లకీ మొదటి ఆట. పొద్దున్నే బోడన్న లెక్క చూస్తే మెట్టలో పదకొండు ఉన్నారు, పల్లంలో పదిమందే. కిట్టప్ప రాలేదు. ఎండ తుమ్మచెట్ల మీదకి ఎక్కేదాకా ఎదురుచూశారు. నాంచారమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది.

"గంట ఆడించెయ్యి తమ్ముడూ. పదికీ పదకొండుకీ తేడా ఎవడు చూస్తాడు?"

"నేను చూశాను కదక్కా" అన్నాడు బోడన్న. అని, అందరికీ వినిపించేలా "ఇవాళ ఆట లేదు" అన్నాడు.

కంచె వెనకే కూర్చున్నాడు పాపారావు. ఆ మాట కోసమే చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాడు. అరగంటలో నెమళ్లు దిగాయి, కాకులు చేరాయి, పిచ్ మీద నీళ్లు చల్లి గట్టిగా అదమమని బోడన్నకే పురమాయించారు. మర్నాడు మళ్లీ లెక్క. ఈసారి కిట్టప్ప వచ్చాడు, మెట్టలో కుందేలు రాలేదు. ఇవాళా ఆట లేదు. మూడో రోజు ఉడత లేదు. నాలుగో రోజు మళ్లీ కిట్టప్ప లేడు.

బోడన్నకి అనుమానం వచ్చి కిట్టప్పని వెతుక్కుంటూ పోయాడు. వాడు మేడిచెట్టు కింద ఒళ్లో పొత్తులు పెట్టుకుని తింటున్నాడు. గంట ఆటకి పిలిచారా అని అడిగితే లేదన్నాడు.

"ఊరికే కూర్చోమన్నాడు తాతా. కూర్చున్నందుకే ఇవన్నీ. రేపు కుందేలు వంతు. రోజుకి ఒక్కరు కూర్చుంటే చాలంట."

ఒక్కరు చాలు. బోడన్నకి అప్పుడు అర్థమైంది. ఖాళీ రోజులు ఇమ్మని అడిగినవాడు, రోజుల్ని ఖాళీ చేసుకుంటూ పోతున్నాడు. అదీ తన నోటితోనే.

పాపారావు దగ్గరికెళ్లి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. నక్క ఏమాత్రం నొచ్చుకోలేదు.

"ఆట ఉన్న రోజు నేను ఒక్కటైనా ముట్టుకున్నానా మావయ్యా? ఆట లేదన్నది నేనా, మీరా? పోనీ, రేపు పదిమందిని పదకొండని చెప్పండి. నేను కాదంటే అడగండి."

మర్నాడు పొద్దున బోడన్న పదిమంది ముందు నిలబడ్డాడు. మెడ ఒక్కసారి విదిలిస్తే చాలు, గంట మోగుతుంది. నాంచారమ్మ అతని మెడవంకే చూస్తోంది. ఆ ముసలాడి బతుకులో ఎవరూ పాట పెట్టలేనిది ఆ లెక్క ఒక్కటే. దాన్ని తప్పు చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఆట లేదన్నాడు. ఆమె డొప్పలోకి తల లాక్కుంది. ఆ చలికాలం గంట ఒక్కసారి కూడా మోగలేదు.

ఎండలొచ్చాయి. అవతలి గట్టువాళ్లు నాలుగు రోజుల ఆటకి వచ్చారు. దాహం కదా, ఆ రోజు మాత్రం ఇవతలివాళ్లు పదకొండుమందీ పొద్దెక్కకముందే వచ్చి నిలబడ్డారు. బోడన్న గంట ఆడించాడు. తుప్పు పట్టిందేమో, బొంగురుగా మోగింది.

కిట్టప్ప మొదటి బంతికే సిక్సర్ కొట్టాడు. కాకులు అరిచాయి. నాలుగో బంతికి అవుటయ్యాడు. వెనక వచ్చినవాళ్లందరికీ అదే తొందర. మధ్యాహ్నం కాకముందే జట్టంతా చెట్టు నీడలో ఉంది. ఆ తర్వాత అవతలివాళ్లు మర్నాడు మధ్యాహ్నం దాకా తాపీగా ఆడారు. కుందేలు ఎండలో పడిపోయింది. నాంచారమ్మ వేసింది, వేస్తూనే ఉంది. రోజూ నీళ్లు పోసి అదిమిన పిచ్ సిమెంటు గచ్చులా ఉంది, ఒక్క నెర్రె లేదు. ఆమె వేళ్లకి కూడా ఆ పాత పట్టు లేదు. ఒకసారి ఆగి బోడన్న వైపు చూసింది. అదిమింది తనే కాబట్టి అతను తల దించుకున్నాడు. ఇవతలివాళ్లు రెండోసారి బ్యాటు పట్టినా అదే తొందర, రెండో సాయంత్రానికే ఆట ముగిసింది. ఆమెకి కావలసిన నాలుగో రోజు రానేలేదు.

ఆ ఏడు అవతలివాళ్లు ముందు తాగారు. ఇవతలివాళ్ల వంతు వచ్చేసరికి మడుగులో చారెడు బురద మిగిలింది. తడి లేని చోట తాబేలు ఎన్నాళ్లుంటుంది? పట్టపగలే చుక్కలు కనిపించే ఎండల్లో ఒకరోజు నాంచారమ్మ డొప్ప పిచ్ పక్కన కనిపించింది. పిలిస్తే పలకలేదు.

బోడన్న బురదలో మూతి పెట్టి పీలుస్తుంటే అవతలి గట్టు పిచ్ పెద్ద, దున్నపోతు, దగ్గరికొచ్చింది. వెనకాల దూరంగా ఎర్ర గుడ్డ మెడకి చుట్టుకుని పాపారావు నిలబడి ఉన్నాడు.

"బావా, ఈ నక్క నీకు తెలిసినవాడేనటగా. మా దగ్గర ఆట లేని రోజులు మాత్రం ఇమ్మంటున్నాడు. ఇంకేమీ వద్దంటున్నాడు. మాట మీద నిలబడే రకమేనా?"

బోడన్నకి అబద్ధం చేతకాదని చూశారుగా. పెదాలకంటిన బురద నాకి తలెత్తాడు.

"నిలబడతాడు బావా. ఒక్క మాట కూడా తప్పలేదు. వచ్చిన చావంతా..."

దున్నపోతుకి ఆ కాస్తే కావాలి. మిగతాది వినకుండానే వెనక్కి తిరిగి, నక్కకేసి తల ఆడించింది.

ఖాళీగా ఉన్నది ఇచ్చేటప్పుడు, ఖాళీ చేసే పని ఎవరి చేతిలో ఉందో ముందు చూసుకోవాలి.