వేరే రకం టోపీలు

తూటాల అడుగున పెట్టే టోపీలు అయిపోయాయి. ఓదెలుకు వచ్చిన చిక్కు అది.

టోపీ అంటే శనగగింజంత ఇత్తడి మూత. తుపాకీ సూది దాని మీద పడితే నిప్పు పుడుతుంది. ఆ నిప్పే తూటాలోని మందును అంటిస్తుంది. నిర్మల్‌లో ఉస్తాద్ కరీముల్లా కొట్లో ఓదెలు ఏడేళ్లుగా రైఫిలు తూటాలు నింపే పని నేర్చుకుంటున్నాడు. అడవిలో పులి ఇద్దరు పశువుల కాపరులను చంపింది. దాన్ని కొట్టడానికి పోయే షికారీ ఇరవై తూటాలు కావాలని, సాయంత్రానికి మనిషిని పంపుతానని కబురు పెట్టాడు.

హైదరాబాదు నుంచి వచ్చిన పెట్టెలో వేరే రకం టోపీలున్నాయి. ఓదెలు ఒకటి తీసి ఖాళీ గుల్ల అడుగున ఉండే గుంటలో పెట్టి చూశాడు. సరిగ్గా కూచుంది. అతను ఇంకేమీ ఆలోచించలేదు. ఉస్తాద్ జుమ్మా నమాజుకు పోయి వచ్చేలోగా, ఎప్పటి కొలత ప్రకారమే మందు పోసి ఇరవై తూటాలూ నింపేశాడు. గుడ్డతో తుడిచి బల్ల మీద వరసగా నిలబెట్టాడు.

ఉస్తాద్ వచ్చి ఒకదాన్ని తిప్పి అడుగు చూశాడు. ఈ టోపీల్లో నిప్పు ఎక్కువని, పాత కొలత మందుకు ఇంత నిప్పు తగిలితే లోపలి ఒత్తిడి ఎంతకు పోతుందో చెప్పలేమని, తుపాకీయే పగిలి మొహాన పడొచ్చని మెల్లగా అన్నాడు.

ఓదెలుకు రోషం వచ్చింది. కొలతలో వెంట్రుకంత తేడా లేదన్నాడు. ఏడేళ్లలో తన చేతి తూటా ఒక్కటీ చెడిపోలేదన్నాడు. మనం ఆగినా పులి ఆగదు కదా అన్నాడు.

ఉస్తాద్ గోడకున్న రైఫిలు దించుకుని పెరట్లోకి వెళ్లాడు. మట్టికట్టకు ఎదురుగా కూచుని తుపాకీని చెంపకు ఆనించుకున్నాడు. వెనక్కి చూడకుండా కుడిచెయ్యి చాపాడు.

“ఒకటియ్యి బేటా.”

ఓదెలు ఒక తూటా తీసుకుని వచ్చాడు. ముసలాయన చెంప తుపాకీకి ఆనుకుని ఉంది. ఎముక మీద పలచటి చర్మం. దానికి పైన, ఒక్క అంగుళం దూరంలో, కన్ను. ఓదెలు చెయ్యి ముందుకు రాలేదు.

“లెవ్వుండ్రి ఉస్తాద్.”

“ఎందుకు? కొలత సరిగ్గనే ఉన్నదంటివి.”

ఓదెలు గుప్పిట్లో తూటా చెమటకు తడిసింది. ఉస్తాద్ చాపిన చెయ్యి చాలాసేపు అలాగే ఉండి, చివరికి దిగింది.

ఇద్దరూ బల్ల దగ్గర కూచుని ఒక్కొక్క తూటాకూ గుండు ఊడదీసి మందు ఒంపేశారు. షికారీ మనిషి వచ్చాడు. మూడు రోజులు పడుతుందని ఓదెలే చెప్పాడు. అతను తిట్టుకుంటూ పోయాడు.

ఇప్పుడేం చేద్దామని ఓదెలు అడిగాడు. టోపీ మారితే తూటాయే మారినట్టన్నాడు ఉస్తాద్. మందు కంపెనీవాళ్ల కాగితంలో ఈ టోపీకి రాసిన తక్కువ కొలత నుంచి మళ్లీ మొదలుపెట్టాలని, ఒక్కొక్కటే పేల్చి ఖాళీ గుల్ల ఉబ్బిందా, చీలిందా అని చూసుకుంటూ పోవాలని, కాగితంలో లేకపోతే ఈ టోపీలను ముట్టనే కూడదని చెప్పాడు.

ఓదెలు తల దించుకున్నాడు. “మీకియ్యలేని తూటా, ఆ షికారీకి ఇయ్యబోతి ఉస్తాద్.”

ఉస్తాద్ గుండ్లను డబ్బాలో వేస్తూనే ఉన్నాడు. ఆయన కొడుకు పంతొమ్మిదేళ్లకే పోయాడని ఓదెలుకు తెలుసు. ఎలా పోయాడో ఆ ఇంట్లో ఎవరూ చెప్పగా వినలేదు.

“మా యూసుఫ్ కూడ అట్లనే కూసుండి చెయ్యి చాపిండు” అన్నాడు ఉస్తాద్. డబ్బా మూత పెట్టాడు.

“నేనిచ్చిన.”