పెట్టెలో దాచిన పొలిమేర

గజాంకుశ మహారాజుకి ఉన్నట్టుండి ఓ సరదా పుట్టింది. తన రాజ్యమంతా ఒక్క గుడ్డ మీద చూసుకోవాలట. చిత్రకారులు ఊరూరా తిరిగి బావులూ, రేవులూ, కోటల సొరంగాలూ ఏదీ వదలకుండా పటం గీసి తెచ్చారు. రాజు మురిసిపోయాడు. అంతలోనే గుబులు పట్టుకుంది.

"ఇది శత్రువు చేతిలో పడితే మన గతేంటి?"

"నేనున్నానుగా ప్రభూ," అని మీసం దువ్వాడు సేనాపతి భేరుండనాయకుడు.

ఉండి ఏం చేశాడయ్యా అంటే, పటాన్ని ఇనప్పెట్టెలో పడేసి తాళం వేశాడు. అంతటితో ఊరుకున్నాడా? పొలిమేర రాళ్లన్నీ పీకించాడు. ఎవరికైనా దారి చెబితే దేశబహిష్కారమని రాజు పేరు మీద చాటింపు వేయించాడు. కవాతుకి వెళ్లిన మన సైన్యమే దారి తెలియక శత్రురాజ్యంలో తేలింది. పాపం, శత్రువులే జాలిపడి అన్నం పెట్టి వెనక్కి పంపారు.

ఆ రోజుల్లోనే ఓ మంత్రసాని ఏటి ఒడ్డున నిలబడి ఏడుస్తుంటే ఆస్థానంలో పనిచేసే చెన్నప్ప కంటపడింది. అవతలి ఊళ్లో కాన్పు కష్టమైందట. ఎక్కడ దాటితే మునగదో చెప్పేశాడు చెన్నప్ప. తల్లీబిడ్డా బతికారు. అతన్ని మాత్రం సభకి ఈడ్చుకొచ్చారు.

"రహస్యం బయటపెట్టాడు. వెంటనే పొలిమేర దాటించాలి ప్రభూ," అన్నాడు సేనాపతి.

రాజు కాదనలేకపోయాడు. చెన్నప్పకి ఇల్లూ, పెళ్లామూ, ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదే కళ్లముందు మెదిలాయి. అయినా చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు.

"నన్ను తీసుకెళ్లే భటులకి పొలిమేర ఎక్కడో తెలుసా సేనాపతిగారూ?"

"వాళ్లకెలా తెలుస్తుంది? పటం పెట్టెలో ఉంది. దారి నేను చెబుతాను."

"అయితే తమరికీ దేశబహిష్కారమే. ఇక మనిద్దర్నీ తీసుకెళ్లేవాళ్లకి దారి మహారాజే చెప్పాలి. ఆ పైన వారూ మనతో రావాలి. ముగ్గురం కబుర్లు చెప్పుకుంటూ పోదాం."

సేనాపతి రాజు వైపు చూశాడు.

"నేను పోతే సింహాసనం మీద ఎవరు కూర్చుంటార్రా?" అన్నాడు రాజు.

"దారి తెలిసినవాళ్లు ప్రభూ. అంటే శత్రువులే."

రాజు పొట్ట చేత్తో పట్టుకుని పకపకా నవ్వాడు. సభంతా గొల్లుమంది. బావులూ, రేవులూ, దారులూ ప్రతి ఊరి చావడి గోడ మీదా గీయించమనీ, సొరంగాలూ ఆయుధశాలలూ మాత్రం పెట్టెలోనే ఉంచమనీ అక్కడికక్కడే ఆజ్ఞాపించాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి చెన్నప్ప మెడలో వేశాడు.